తన చేతి నరాన్ని తానే కోయించుకున్న వైద్యుడు – సర్ హెన్రీ హెడ్

(బి.యస్సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, జహీరాబాద్)

విజ్ఞానశాస్త్ర చరిత్రలో మహనీయులకు కొదువ లేదు. కొందరు ఉన్న ఆస్తి ధారపోసినారు, కొందరు కంటినిండా నిద్ర మానుకున్నారు, కొందరు ప్రాణాలే పణంగా పెట్టినారు. అయితే ఏ రోగమూ లేకుండా, ఏ దెబ్బా తగలకుండా, నిక్షేపంగా ఉన్న తన చేతి నరాన్ని కావాలని కోయించుకుని, పోయిన స్పర్శ మళ్లీ ఎట్లా వస్తుందో నాలుగేండ్లకు పైగా ఓపికతో లెక్క రాయించినవాడు మాత్రం అరుదు. అట్లాంటివాడు లండన్ నగరపు వైద్యుడు సర్ హెన్రీ హెడ్. న్యూటన్, డార్విన్ పేర్లు తెలిసినట్లు ఈయన పేరు మన విద్యార్థులందరికీ తెలియకపోవచ్చు. కాని నరాల వైద్యం చదివినవారికి ఈయన సుపరిచితుడు. చేతులతో కష్టం చేసుకుని బ్రతికే మనబోటి కుటుంబాలవారు ఈయన కథ తప్పక తెలుసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో పోనుపోను మనవి చేస్తాను.

హెన్రీ హెడ్ 1861వ సంవత్సరం ఆగస్టు 4న లండన్‌లోని స్టోక్ న్యూవింగ్టన్ ప్రాంతంలో పుట్టినాడు. తండ్రి ఇన్సూరెన్సు వ్యాపారం చేసేవాడు. పదకొండుమంది సంతానంలో ఈయనే పెద్దవాడు. వారిది క్వేకర్ కుటుంబం. ఆడంబరం లేని జీవితం, నిజం మాట్లాడడం, ఇచ్చిన మాటకు కట్టుబడడం ఆ మతశాఖవారి పద్ధతులు. చార్టర్‌హౌస్ పాఠశాలలో చదువు ముగించి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ప్రకృతిశాస్త్రాలు చదివినాడు. అక్కడినుంచి ప్రాగ్ నగరానికి పోయి, హేరింగ్ అనే గొప్ప శరీరధర్మ శాస్త్రవేత్త దగ్గర పనిచేసినాడు. మనం గాలి పీల్చి వదిలేటప్పుడు వేగస్ అనే నరం ఊపిరితిత్తులను ఎట్లా అదుపు చేస్తుందో అక్కడ పరిశోధించినాడు. నరాల మీద ఆయనకు కలిగిన ఆసక్తి ఇక చివరిదాకా పోలేదు. స్వదేశం తిరిగివచ్చి, వైద్యపట్టా పుచ్చుకుని, లండన్ ఆసుపత్రుల్లో చేరినాడు.

ఆయన మొదటి పెద్ద పరిశోధన నొప్పి గూర్చి. గుండెలో జబ్బు ఉంటే ఎడమ చెయ్యి ఎందుకు గుంజుతుంది? పొట్టలోపలి అవయవానికి బాధ కలిగితే పైన చర్మం ఎందుకు ముట్టుకోనియ్యదు? లోపలి ఏ అవయవపు నొప్పి పైన ఏ చోట కనిపిస్తుందో రోగులను ఒక్కొక్కరిని పరీక్షించి పటాలు గీసినాడు. 1892లో ఎం.డి. పట్టాకు సమర్పించిన వ్యాసం ఈ విషయం మీదనే. ఆ చోట్లను ఈనాటికీ వైద్యగ్రంథాలు హెడ్ మండలాలు అనే పిలుస్తున్నాయి. ఆ తర్వాత 1900లో కాంప్‌బెల్ అనే మిత్రునితో కలిసి, మన ఊళ్లలో సర్పి అని పిలిచే హెర్పిస్ జోస్టర్ పొక్కులు ఒంటిమీద పట్టీలాగా ఎందుకు లేస్తాయో, వెన్నుపాము పక్కనుండే నాడీగ్రంథులకూ దానికీ సంబంధం ఏమిటో తేల్చినాడు. అంతకుముందే, 1899లో, రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. అప్పటికి ఆయనకు నలభై ఏండ్లు కూడా నిండలేదు.

ఇంత పేరు వచ్చినా ఒక్క ప్రశ్న ఆయనను వదలలేదు. హెడ్ పనిచేసే లండన్ ఆసుపత్రి ఆ నగరపు తూర్పు ప్రాంతంలో, రెక్కాడితేగాని డొక్కాడని కూలీనాలీ జనం మధ్యన ఉండేది. యంత్రాల్లో చేతులు పడ్డవారు, గాజుపెంకులు గుచ్చుకున్నవారు, కత్తిగాట్లు తగిలినవారు రోజూ వచ్చేవారు. నరం తెగినవారికి షెరెన్ అనే సర్జన్ నరాన్ని కుట్టేవాడు. కుట్టిన తర్వాత స్పర్శ మెల్లమెల్లగా తిరిగి వచ్చేది. కాని అది ఏ వరుసలో వస్తుంది? ముందు నొప్పి తెలుస్తుందా, వేడి తెలుస్తుందా, దూది తాకినట్లు తెలుస్తుందా? రోగులను అడిగితే సరైన జవాబు దొరికేది కాదు. వారి తప్పు ఏమీ లేదు. పొద్దంతా పనిచేసి అలసిపోయిన మనిషిని కండ్లు మూసుకోమని, సూది గుచ్చినప్పుడు సరిగ్గా ఎట్లా అనిపించిందో చెప్పమని గంటల తరబడి విసిగిస్తే ఎంతని చెప్పగలడు? పైగా గాయం మానగానే పని వెతుక్కుంటూ పోయేవాడు, మళ్లీ కనబడేవాడు కాదు.

అప్పుడు హెడ్ ఒక నిర్ణయానికి వచ్చినాడు. పరిశీలించడం తెలిసినవాడే రోగి కావాలి. అట్లాంటి రోగి తానే ఎందుకు కాకూడదు?

1903 ఏప్రిల్ 25న, నలభై ఒకటో ఏట, హెడ్ బల్లమీద పడుకున్నాడు. సర్జన్లు ఆయన ఎడమ ముంజేతిని మోచేతి దగ్గర కోసి, చర్మానికి స్పర్శనిచ్చే రెండు నరాలను తెంపి, ఆ కొసలను సన్నని పట్టుదారంతో కలిపి కుట్టినారు. ఆయన లేచి చూసుకునేసరికి ముంజేతి బయటివైపు నుంచి బొటనవేలి పక్కన చేతి వెనుకభాగం దాకా చర్మం మొద్దుబారిపోయింది. దూదితో రాసినా, సూదితో గుచ్చినా తెలియలేదు. కాని గట్టిగా వత్తితే మాత్రం తెలిసింది. చర్మపు నరాలు పోయినా, లోపలి కండరాల నరాలు వత్తిడిని పసిగడతాయని ఆ మొదటి రోజుల్లోనే తెలిసిపోయింది.

ఈ పనిలో హెడ్‌కు కుడిభుజంగా నిలిచినవాడు కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలకు చెందిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. ఈ రివర్స్ మన దక్షిణదేశానికి కొత్తవాడు కాడు. 1901, 1902 ప్రాంతంలో నీలగిరి కొండల్లో తోడా జాతివారి మధ్య ఉండి, వారి చూపును, స్పర్శను పరీక్షించి, వారి జీవితం మీద 1906లో పెద్ద గ్రంథం ప్రకటించినాడు. మనిషి ఇంద్రియాలను ఓపికగా కొలవడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. లండన్‌లో వారమంతా రోగులను చూసుకున్న హెడ్, తీరిక దొరికినప్పుడల్లా రైలెక్కి కేంబ్రిడ్జికి పోయేవాడు. రివర్స్ గదిలో కండ్లు మూసుకుని చెయ్యి చాపి కూర్చునేవాడు. రివర్స్ ఒకసారి దూది, ఒకసారి సూది, ఒకసారి చల్లని గొట్టం, ఒకసారి వెచ్చని గొట్టం తాకించేవాడు. తాకిన రెండు మొనలు రెండుగా తెలుస్తున్నాయా, ఒక్కటిగానే తెలుస్తున్నాయా అని అడిగేవాడు. బుద్ధి చురుకుగా ఉండాలని హెడ్ పొగతాగడం మానుకున్నాడు. అలసట వస్తే ఆనాటికి పరీక్ష ఆపేసేవారు. ఈ విధంగా 1907 డిసెంబరు దాకా మొత్తం 167 రోజులు పరీక్షలు జరిగినాయి. ఫలితాలను 1908లో బ్రెయిన్ అనే వైద్యపత్రికలో ఇద్దరూ కలిసి ప్రకటించినారు.

ఏమి కనుగొన్నారు? స్పర్శ అంతా ఒక్కసారి రాలేదు. కొన్ని వారాలు గడిచినాక ముందు నొప్పి వచ్చింది. అదికూడా మామూలు నొప్పి కాదు. సూది ఒకచోట గుచ్చితే బాధ ఇంకోచోట పాకేది, ఉన్నదానికన్నా ఎక్కువగా మండేది, చెయ్యి వెనక్కు గుంజుకోవాలనిపించేది. బాగా చల్లనిది, బాగా వేడిది తెలిసేవి. గోరువెచ్చనిది తెలిసేది కాదు. దూది తాకితే తెలియడానికి, ఎక్కడ తాకిందో వేలుపెట్టి చూపడానికి ఎన్నో నెలలు పట్టింది. ముంజేతికి ముందు వచ్చింది, చేతి వెనుకభాగానికి తర్వాత వచ్చింది. నాలుగేండ్లు దాటినా చెయ్యి ముమ్మాటికీ పాత చెయ్యి కాలేదు. మొదట వచ్చే మోటు స్పర్శకు ప్రోటోపతిక్ అని, తర్వాత వచ్చే నాజూకు స్పర్శకు ఎపిక్రిటిక్ అని హెడ్ పేర్లు పెట్టినాడు. ఈ రెండింటికీ వేరువేరు నరాల వ్యవస్థలు ఉన్నాయని సిద్ధాంతం చేసినాడు.

ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. లండన్‌లోనే ట్రాటర్, డేవిస్ అనే ఇద్దరు సర్జన్లు తమ ఒంటి నరాలను తామే కోయించుకుని పరీక్షించి, హెడ్ చెప్పిన రెండు వ్యవస్థలు తమకు కనబడలేదని 1909లో ప్రకటించినారు. ఒకరి మాట సరిచూడడానికి మరిద్దరు తమ చేతులు కోయించుకున్నారంటే ఆనాటి శాస్త్రవేత్తల పట్టుదల ఎటువంటిదో ఊహించుకోవచ్చు. నేటి శాస్త్రం కూడా హెడ్ చెప్పిన రెండు వ్యవస్థల విభజనను ఆయన చెప్పినట్లే అంగీకరించదు. కాని ఆయన చేతిమీద కనబడిన సంగతి మాత్రం నిలిచింది. తెగిన నరం కోలుకునేటప్పుడు మోటు అనుభూతులు ముందు, నాజూకు స్పర్శ వెనుక వస్తాయి. అది కూడా చాలాసార్లు అరకొరగానే వస్తుంది.

దీనికి కారణం తెలియాలంటే నరం లోపలి సంగతి కొంచెం తెలియాలి. నరం అంటే సన్నని తంతువుల కట్ట. తెగినప్పుడు గాయానికి అవతలి ముక్క చచ్చిపోతుంది. ఈ సంగతి వాలర్ అనే శాస్త్రవేత్త 1850లోనే కప్ప నాలుకలో చూపినాడు. కాని ఆ తంతువులను చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలు చావవు. అవి మొదట చెత్తను ఎత్తిపోస్తాయి. తర్వాత వరుసకట్టి, ఎండాకాలం పూడిక తీసిన కాలువలాగా, కొత్త తంతువుకు దారి సిద్ధం చేస్తాయి. ఇవతలి కొస నుంచి కొత్త తంతువు మొలకెత్తి ఆ దారివెంట రోజుకు ఇంచుమించు 1 మిల్లీమీటరు చొప్పున నడుస్తుంది. మణికట్టు దగ్గర తెగిన నరం వేలికొసకు చేరాలంటే ఐదారు నెలలు పడుతుందన్నమాట. చేరినా అన్ని తంతువులూ తమ పాత ఇంటికే చేరవు. దారితప్పి పక్క ఇల్లు చేరేవి ఉంటాయి. అప్పుడు మెదడు ఆ కొత్త చిరునామాలను మళ్లీ నేర్చుకోవలసి వస్తుంది.

హెడ్ ప్రయోగం ఎంత గొప్పదైనా అది ఒక్క మనిషి, ఒక్క వయస్సు మీద జరిగింది. కోత శుభ్రమైనది, కుట్టు వెంటనే పడింది. అదే కోత పదేండ్ల పిల్లవానికి పడితే ఏమవుతుంది, అరవై దాటిన ముసలివానికి పడితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ఆ చెయ్యి జవాబు చెప్పలేదు. ఆ జవాబు తర్వాతి తరాలవారు వెతికినారు. చేతి నరాలు తెగి కుట్టించుకున్నవారిని ఏండ్ల తరబడి పరీక్షించి చూస్తే, పదేండ్లలోపు పిల్లలకు స్పర్శ దాదాపు మామూలుగా తిరిగి వస్తున్నది. అక్కడినుంచి కౌమారం దాటేలోగా ఆ భాగ్యం వేగంగా తగ్గిపోతున్నది. పెద్దవారికి నాజూకు స్పర్శ పూర్తిగా రావడం అరుదు. పిల్లల చేతులు చిన్నవి కాబట్టి తంతువు నడవవలసిన దూరం తక్కువ. అంతకన్నా ముఖ్యంగా, పిల్లల మెదడు మెత్తని మట్టివంటిది, కొత్త చిరునామాలు తొందరగా నేర్చుకుంటుంది.

ముసలితనంలో మరొక చిక్కు ఉన్నది. తంతువు ముసలిదై నడవలేకపోతున్నదా, లేక దారే బాగుచేసేవారు లేరా? 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో పడుచు ఎలుకల నరపు ముక్కను ముసలి ఎలుకలకు, ముసలి ఎలుకల నరపు ముక్కను పడుచు ఎలుకలకు అతికి చూసినారు. పడుచు ముక్క దొరికిన ముసలి ఎలుకలో తంతువులు చక్కగా పెరిగినాయి. ముసలి ముక్క దొరికిన పడుచు ఎలుకలో పెరుగుదల మందగించింది. అంటే తంతువుకు శక్తి లేక కాదు, దారిని సిద్ధం చేసే ష్వాన్ కణాలకు వయస్సు మీదపడి, చెత్త ఎత్తడంలో, దారి వెయ్యడంలో ఆలస్యం చేస్తున్నాయన్నమాట. పైగా వయస్సుతోపాటు వేలికొసల్లోని స్పర్శ కణికలు కూడా తగ్గిపోతాయి. చక్కెరవ్యాధి ఉంటే ఇంకా కష్టం.

ఇక ఇది మనకెందుకు అంటారా? మా జహీరాబాద్ ప్రాంతం చెరకుకు పేరు. చెరకు కొట్టుడు మొదలైతే చేతికి గాటుపడని ఇల్లు ఉండదు. జొన్న కోసేటప్పుడు కొడవలి, పశువులకు గడ్డి నరికేటప్పుడు మిషను, ఏదో ఒకటి వేలు మీదికి వస్తుంది. మా ఇంట్లోనే నేను రెండు చేతులు చూసినాను. అరవై దాటిన మా తాతకు కొడవలి తగిలి చూపుడువేలి పక్క తెగింది. పసుపు పెట్టి గుడ్డ చుట్టినారు. ఇరవై రోజుల్లో తోలు మానింది. మానిందని అందరూ అనుకున్నారు. కాని గింజను వేళ్లమధ్య నలిపి తేమ చెప్పే మనిషి తర్వాత ఎడమచేతితో నలపడం మొదలుపెట్టినాడు. అంగీ గుండీ చూసుకుంటేగాని పెట్టుకోలేడు. పొయ్యి దగ్గర కాలినా పొక్కు లేచేదాకా తెలియదు. మా చిన్నాయన కొడుకుకు తొమ్మిదో ఏట దాదాపు అదే చోట తెగింది. ఆనాడే పట్నం తీసుకపోతే నరం కుట్టినారు. ఏడాది తిరిగేసరికి కండ్లు మూసి చేతిలో పెడితే రూపాయి బిళ్లేదో రెండు రూపాయల బిళ్లేదో చెప్పేవాడు. ఈ తేడాకు వయస్సు ఒక్కటే కారణమని నేననను. ఒకరికి కుట్టుపడింది, ఒకరికి పడలేదు. అసలు నేను చెప్పదలచింది అదే. వయస్సు మన చేతిలో లేదు, కుట్టు మన చేతిలో ఉన్నది.

ముసలివారికి నరం ఎట్లాగూ రాదుగదా, ఎందుకు ఖర్చు అనే మాట మన ఊళ్లల్లో వినబడుతుంది. ఇది సరికాదు. పిల్లవానికి ఆలస్యమైనా మెదడు కొంత సర్దుకుంటుంది. ముసలి నరానికి ఆలస్యం భరించే ఓపిక లేదు. కాబట్టి తొందర ఎక్కువ అవసరమైంది పెద్దవారికే. గాటు పడ్డాక వేలికొస మొద్దుబారితే తోలు మానేదాకా ఆగకుండా, చేతి నరాలు కుట్టగల డాక్టరు దగ్గరికి రోజుల్లోనే పోవాలి. తర్వాత నెలల తరబడి గరుకుగుడ్డ, నునుపుగుడ్డ, గింజలు, నాణేలు ముట్టుకుంటూ, మొదట చూస్తూ, తర్వాత కండ్లు మూసుకుని గుర్తుపట్టే అభ్యాసం చెయ్యాలి. మొద్దుబారిన వేలిని నిప్పునుంచి, వేడినీళ్లనుంచి కాపాడుకోవాలి. కుష్ఠువ్యాధిలో వేళ్లు పోవడానికి ముఖ్యకారణం కూడా ఇదే, నరం పోయి నొప్పి తెలియక కాలినా కోసుకున్నా గమనించకపోవడం.

మళ్లీ హెడ్ దగ్గరికి వద్దాం. 1904లో ఆయన రూత్ మేహ్యూను పెండ్లాడినాడు. ఆమె విదుషీమణి, రచయిత్రి. 1911లో గోర్డన్ హోమ్స్‌తో కలిసి హెడ్ ఇంకొక మెట్టు పైకి పోయినాడు. చర్మం, నరం దాటి, శరీరపు పటాన్ని మెదడు తనలో ఎట్లా దిద్దుకుంటూ ఉంటుందో వివరించినాడు. పిల్లలు ఎందుకు తొందరగా కోలుకుంటారన్న నేటి వివరణకు ఆ ఆలోచన దగ్గరి చుట్టమే. మొదటి ప్రపంచయుద్ధంలో తూటాలు తగిలి నరాలు, మెదడు దెబ్బతిన్న సైనికులను పరీక్షించినాడు. రివర్స్ కూడా యుద్ధంలో మనసు చెదిరిన సైనికులకు వైద్యం చేసి, 1922లో కన్నుమూసినాడు. హెడ్ కవిత్వం కూడా రాసి 1919లో ఒక సంపుటి ప్రకటించినాడు. 1920లో నాడీశాస్త్ర వ్యాసాలు రెండు సంపుటాలుగా, 1926లో మాట పడిపోయినవారి గూర్చిన మహాగ్రంథం వెలువడినాయి. 1927లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

కాని విధి విచిత్రమైనది. జీవితమంతా నరాలకు అంకితమైన ఆ మనిషికి పార్కిన్సన్ వ్యాధి సోకింది. చేతులు వణికినాయి, నడక మందగించింది. వైద్యవృత్తి నుంచి విరమించి లండన్ వదిలిపెట్టి పల్లెపట్టుకు పోయినాడు. ఒళ్లు సహకరించకపోయినా బుద్ధి చెదరలేదని, వచ్చినవారితో సాహిత్యం, శాస్త్రం గూర్చి మాట్లాడేవాడని తెలిసినవారు చెప్పినారు. 1939లో భార్య పోయింది. 1940 అక్టోబరు 8న రెడింగ్ పట్టణంలో, డెబ్బై తొమ్మిదో ఏట ఆయన తుదిశ్వాస విడిచినాడు.

హెడ్ సిద్ధాంతంలో కొంత నిలవలేదు. ఆయన చేతి లెక్క నిలిచింది. రోగి సరిగ్గా చెప్పలేకపోతే రోగిని తప్పుపట్టకుండా తానే రోగి స్థానంలో కూర్చున్నాడు. విద్యార్థి మిత్రులారా! మనమంతా చేతులు కోయించుకోనక్కరలేదు. మన ఇండ్లల్లో మొద్దుబారిన వేళ్లతో పనిచేస్తున్న పెద్దవారు ఉన్నారు. సెలవులకు ఊరికి పోయినప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకుని, కండ్లు మూసుకోమని, ఇంత దూది, ఒక గింజ వేలికి తాకించి చూడండి. తెలియడం లేదంటే ముసలితనం అని వదిలెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకపోండి. మనం చదివిన జీవశాస్త్రం ముందు మన ఇంటివారికి పనికిరావాలి.